ఏడు సీట్ల బండిలో ఏడో మనిషి

మా ఇంట్లో లెక్కకి ఏడుగురం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ప్లస్ మా బావమరిది. వాడు ఉండేది వేరే ఊర్లోనే గానీ మేం ఎక్కడికైనా బయల్దేరే టైంకి కరెక్టుగా గుమ్మంలో ప్రత్యక్షం అవుతాడు కాబట్టి ఉన్నట్టే. అందుకని మూడు వరసల ఎస్‌యూవీ కొందాం అనుకున్నాం. నేనేమో ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషిని (ఇది నా అభిప్రాయం, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు), ఎక్సెల్ షీటు వేసి మూడు బండ్లు తేల్చి, లెగ్‌రూం, హెడ్‌రూం, డిక్కీ లీటర్లు అన్నీ నింపి, జేబులో కొలత టేపు వేసుకుని మరీ అందర్నీ షోరూంకి తీస్కెళ్ళాను.

ఈ లెగ్‌రూం సంగతి ముందే చెప్పాలి. మనం ఏమనుకుంటాం, మోకాలికీ ముందు సీటుకీ మధ్య ఉన్న ఖాళీ అనుకుంటాం కదా, కాదు. చీలమండ నుంచి తుంటి కీలు దాకా కొలిచి దానికి ఇంకో 254 మిల్లీమీటర్లు కలిపి బ్రోచర్లో వేస్తారు. ఆ కొలత తీసేది కూడా మనిషిని కూర్చోబెట్టి కాదు, ఒక బొమ్మని. దానికి వీపు, తొడలు, కాళ్ళు ఉంటాయి గానీ తలా పొట్టా ఉండవు, అంచేత ఎక్కడ కూర్చోబెట్టినా నోరెత్తదు. డిక్కీ లీటర్లు ఇంకా విచిత్రం, 20 బై 10 బై 5 సెంటీమీటర్ల దిమ్మలు పేర్చి ఒక్కోటి ఒక లీటరు అని లెక్కేస్తారట. మా అమ్మ సర్దిన బ్యాగు ఏ కోణంలో చూసినా దిమ్మలా ఉండదు.

మొదటి బండి లాడర్ ఫ్రేం, అంటే నిచ్చెనలాంటి ఉక్కు చట్రం మీద కట్టింది. చూడ్డానికి రాజసం, ఎక్కడానికి అటక. అమ్మ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, పైనున్న హ్యాండిల్ పట్టుకుని, "ఇక్కడి నుంచి ఏం చెయ్యాలిరా" అని అడిగింది. మూడో వరసలోకి నేనెక్కితే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. కింద ఛాసిస్, వెనక యాక్సిల్ ఉండటం వల్ల ఫ్లోర్ పైకొస్తుంది, కప్పేమో వెనక్కి పోయేకొద్దీ కిందికి దిగుతుంది, ఇక మిగిలిన సందులో సీటు ఇరికించాలంటే దాన్ని నేలకి దగ్గరగా పెట్టక తప్పదు. పీట మీద కూర్చున్నట్టే, తొడల కింద ఏమీ ఆనదు, బరువంతా పిర్రల మీదే. నా షీట్లో మాత్రం దానికి మంచి మార్కులే ఉన్నాయి.

రెండోది కెప్టెన్ సీట్ల బండి. మధ్య వరసలో విడివిడిగా రెండు సీట్లు, వాటి మధ్య నుంచి దారి. నాన్న ఒక దాంట్లో కూర్చుని రెండు ఆర్మ్‌రెస్టులూ దించుకుని కళ్ళు మూసుకున్నారు, ఇక కొనేసినట్టే అనుకున్నా. అప్పుడు మా చిన్నాడు వేళ్ళు లెక్కపెట్టి "ఇందులో ఆరే ఉన్నాయి" అన్నాడు. అందరం ఒకేసారి బావమరిది వైపు చూశాం, వాడు షోరూం సీలింగ్ వైపు చూశాడు.

అసలు కథ మూడో బండిలో. మధ్యలో బెంచి సీటు, ముందుకీ వెనక్కీ జరుగుతుంది, లివర్ లాగితే మడిచి లేస్తుంది. నేను వెనక్కి దూరి, "సీటు మామూలుగా పెట్టేయండి, అసలు పరిస్థితి ఎలా ఉంటుందో చూద్దాం" అని ధైర్యంగా అన్నాను. ఈ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంటుంది. నాన్న నా ముందు కూర్చుని సీటు తనకి నచ్చినంత వెనక్కి జరుపుకుని ఆపైన వాల్చారు. రెండో పక్క మా ఆవిడ చిన్నాడి చైల్డ్ సీటు తెచ్చి ఐసోఫిక్స్‌కి, అంటే బండి సీట్లో దానికోసమే ఉండే కొక్కేలకి, టక్కుమని తగిలించింది, అది తగిలించాక ఆ సీటు మడవదు. నేనేమో తలొంచుకుని టేపు పట్టుకుని మోకాలి దగ్గర ఖాళీ కొలుస్తున్నా, 2 సెంటీమీటర్లు వచ్చింది, అదీ ఊపిరి బిగబడితేనే.

తలెత్తేసరికి ఎవరూ లేరు. సన్‌రూఫ్ ఉన్న బండి ఏదో అక్కడ చూపిస్తున్నారని పిల్లలు పరిగెత్తారట, పిల్లల వెనక మా ఆవిడ, ఆమె వెనక అందరూ. సేల్స్ కుర్రాడు పద్ధతిగా తలుపులు మూసి రిమోట్ నొక్కి లాక్ చేసి మరీ వెళ్ళాడు. మూడో వరసకి సొంత తలుపు లేదు, డిక్కీ తలుపుకి లోపల పిడి లేదు. నాన్న వాల్చిన సీటు పైనుంచి దూకుదామంటే హెడ్‌రెస్టుకీ కప్పుకీ మధ్య సందులో తల పట్టింది, తర్వాత భాగం పట్టలేదు.

ఇలా కదిలానో లేదో అలారం మొదలైంది, లోపల కదలిక కనిపెట్టే సెన్సర్ ఉందట. బండి కూతలు పెడుతోంది, లైట్లు వెలిగి ఆరుతున్నాయి, దూరంగా మా నాన్న "ఎవరి బండో గానీ ఆపరే" అని విసుక్కోవడం అద్దంలోంచి కనిపిస్తోంది. ఫోన్ ఉంది. ఎక్కడ? ప్యాంటు జేబులో. మోకాళ్ళు పైకెత్తి కూర్చుంటే జేబు మూతి ఎలా బిగుసుకుంటుందో మీరెప్పుడైనా చూశారా, రెండు వేళ్ళు వెళ్తాయి, ఫోన్ అంచు తగుల్తుంది, పట్టు దొరకదు. కాలు చాపితే వస్తుంది, కానీ కాలు చాపే చోటుంటే ఈ గొడవే లేదు కదా. ఇంతలో అదే మోగింది. మా ఆవిడే, ఎక్కడున్నారని అడగడానికి. నాలుగుసార్లు మోగింది.

చివరికి మా చిన్నాడు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసి, "నాన్న ఇందులో ఆడుకుంటున్నాడు" అని అందరికీ వినపడేలా అరిచాడు. కుర్రాడు పరిగెత్తుకొచ్చి డిక్కీ తెరిచి, నా పక్కనున్న సగం సీటు మడిచి, "ఇలా రండి సార్, 50:50 స్ప్లిట్ అండీ, చాలా ఉపయోగం" అన్నాడు, ఆ టైంలో కూడా అమ్ముతున్నాడు పాపం. నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ సామానులా వెనక నుంచి దిగాను. బావమరిది వీడియో తీశాడు. తీయకపోతే వాడు బావమరిదే కాదు.

రాత్రి ఎక్సెల్ తెరిస్తే ఎవరో కొత్త కాలమ్ పెట్టారు, "దిగడానికి పట్టిన టైం" అని. రెండో బండికి 9 సెకన్లు, మూడో బండికి 22 నిమిషాలు. నాన్న కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఆ ఆరు సీట్లదే తీసుకుందాంరా" అన్నారు, "నువ్వు బైక్ మీద వెనకాల రా."