బొటనవేలికి బలైన నాలుగో సూత్రం

మొన్న చెన్నై మెట్రోలో సెంట్రల్ నుంచి తిరుమంగళం దాకా పక్క సీటు కుర్రాడి బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను. తప్పే, అయినా చూశాను. బిర్యానీ, క్రికెట్, ఎవరిదో సీమంతం, ఎక్కడిదో యుద్ధం, మళ్లీ బిర్యానీ. కాస్త పొడుగ్గా ఉన్న ఓ పోస్టు దగ్గర వేలు ఆగింది. రెండు లైన్లు చదివి దాన్నీ పైకి తోసేశాడు.

అతణ్ని తిట్టే యోగ్యత నాకు లేదు. మైలాపూరులో లజ్ దగ్గర పేవ్‌మెంటు మీద ముచ్చటపడి కొన్న పాత సాహిత్య పత్రిక ‘భారతి’ సంచిక నా బల్ల మీద మూడు వారాలుగా బోర్లా పడి ఉంది. అందులో ఒక వాక్యం ఐదు లైన్లు సాగి సాగి చిట్టచివర క్రియ దగ్గర దిగుతుంది. అక్కడికి చేరేలోపు నా చెయ్యి రెండుసార్లు ఫోన్ మీదకు పోయింది. మూడోసారి మొదలుపెట్టేసరికి కర్త ఎవరో మర్చిపోయాను.

జబ్బు నాకు అక్కడే దొరికింది. తెలుగు క్రియను చివరికి దాచుకునే భాష. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నవన్నీ మోసుకుంటూ వాక్యం కొసదాకా నడవాలి. అవునో కాదో తేలేది అక్కడే. ‘ఫలానా కషాయం తాగితే షుగర్ పూర్తిగా తగ్గుతుందనడానికి ఆధారాల్లేవు’ అన్న వాక్యాన్ని ముప్పావు దగ్గర వదిలేసినవాడు వంటింట్లోకెళ్లి కషాయం కాచుకుంటాడు. నాలుగు గ్రూపులకు ఫార్వర్డ్ కూడా చేస్తాడు. ఇంగ్లిషులో సగం చదివినవాడికి సగం అర్థమైనా దక్కుతుందేమో. తెలుగులో సగం చదివితే ఒక్కోసారి తలకిందుల అర్థం దక్కుతుంది.

దీన్ని పాఠకుల బద్ధకం ఖాతాలో రాయడం అన్యాయం. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఒక లెక్కల మాస్టారు అధిపతిగా వచ్చారు. ఆయన ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో ఆయన ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది: పాఠకుడి సమయం ఆదా చెయ్యి. వెతుకులాటలో పోయే గంటను మిగిల్చి చదువుకు అప్పజెప్పమని. ఫోన్‌లో ఒకదాని కింద ఒకటిగా వచ్చే పోస్టుల వరుసలు, అంటే ఫీడ్‌లు, తయారుచేసే కంపెనీలు ఈ ఊళ్లో పుట్టిన ఆ సూత్రాన్ని బోర్లించాయి. మనం ఎంతసేపు కళ్లప్పగిస్తే ప్రకటనల రాబడి అంత. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ వేలితో తోసేకొద్దీ కొత్తవి వస్తూనే ఉండే అంతులేని స్క్రోల్‌ను రూపొందించాడు. తర్వాత తానే నొచ్చుకున్నాడు. పుస్తకంలో పుట అయిపోతుంది, ప్రకరణం అయిపోతుంది. అక్కడ తలెత్తి కిటికీలోంచి చూస్తాం, నచ్చకపోతే రచయితతో లోలోపల గొడవపడతాం, అవసరమైతే వెనక్కి వెళ్తాం. ఆ ఆగే చోటునే పీకి పారేశారు. ఇందాక పైకి తోసేసిన పోస్టు మళ్లీ కావాలంటే ఎక్కడ దొరుకుతుంది?

ఫోన్‌లోనూ చదువుతున్నాం కదా, వెనకటికన్నా ఎక్కువే చదువుతున్నాం కదా అంటారు మిత్రులు. ఏ మూల ఉన్నవాడికైనా అరుదైన తెలుగు పుస్తకాలు స్కాన్ కాపీలుగా అందుతున్నాయి, ఒప్పుకుంటాను. అయితే 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాఠకులను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ ఒకటుంది. సమాచార వ్యాసాలు తెర మీదకన్నా కాగితం మీదే బాగా అర్థమవుతున్నాయని అది తేల్చింది. కథల్లో మాత్రం తేడా కనబడలేదు. ఫోన్లు చేతిలో పెట్టుకుని పెరిగినవాళ్లు వస్తే ఆ అంతరం తగ్గాలిగా? 2000 నుంచి 2017కు వచ్చేసరికి పెరిగింది.

అన్నట్టు, అదే 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు పిల్లల చదువు ఏమైందో చెన్నై తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కానీ చట్టాన్ని ఒక్కదాన్నే ఆడిపోసుకుంటే మన మొహం దాచుకున్నట్టే. 1854 నుంచి వావిళ్లవారు పుస్తకాలు అచ్చేసిన ఊరిది. బ్రౌన్ నిఘంటువు వెలువడిన ఊరు, 1947లో చందమామ పుట్టిన ఊరు. ఆ ఊళ్లో ఉంటూ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెళ్లి పిలుపు కూడా ఇంగ్లిషు అక్షరాల తెలుగులోనే. అలా రాసుకోమని ఏ చట్టం చెప్పింది? లకూ ళకూ తేడా తెలియని ఆ రాతలో ‘కల’ ఏదో ‘కళ’ ఏదో ఊహించుకోవాల్సిందే. అసలు లిపే రాకపోతే లోతుగా చదవడం గురించి ఈ చర్చంతా ఎవరి కోసం?

పెరంబూరులో మా అక్క మనవరాలు తమిళం గడగడా చదువుతుంది. తెలుగు మాత్రం వేసవి సెలవుల్లో అమ్మమ్మ దగ్గరే. కిందటి ఆదివారం వెళ్లినప్పుడు పాత చందమామ ఒకటి దాని ముందు పెట్టాను. ఒత్తుల దగ్గర ఆగుతూ, వేలు కదుపుతూ, ఒక వాక్యం ముగించడానికి నిమిషం పట్టింది. “తాతయ్యా, దొంగ అతను కాదట! చివర్లో చెప్పాడు,” అంటూ వేలు మళ్లీ మొదటి మాట మీదకు తీసుకెళ్లింది.