గడ్డ తగల్లేదని ఊరుకోకండి

ఇక్కడ ఒడిశాలో, రాయగడలోగాని బరంపురంలోగాని మన తెలుగు సంఘాల మీటింగుల్లో రొమ్ము క్యాన్సర్ గురించి నేను విన్నదంతా ఒక్కటే: గడ్డ తగిలితే డాక్టరుకి చూపించుకోండి. మంచి మాటే, కానీ అక్కడితో ఆపేస్తే కొంతమంది ఆడవాళ్ళకి అన్యాయం చేస్తున్నట్టే.

పాలు తయారయ్యే గ్రంథుల్లో మొదలయ్యే రకం ఒకటుంది, ఇన్వేసివ్ లోబ్యులర్ కార్సినోమా అంటారు. చుట్టూ పాకే రొమ్ము క్యాన్సర్లలో 100కి 10 నుంచి 15 ఇవే. కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ ఇందులో చాలావరకు ఉండదు, దాంతో అవి ముద్ద కట్టకుండా చీమల బారులా ఒకదాని వెనక ఒకటి పాకిపోతాయి. అందుకే చాలాసార్లు చేతికి గడ్డ తగలదు, రొమ్ముకి తీసే ఎక్స్‌రే, అదే మామోగ్రామ్‌లోనూ తప్పించుకోగలదు.

మా వీధిలో ఒక పిన్నికి జాకెట్టు హుక్కులు పెట్టుకుంటుంటే ఎడమవైపు ఒకచోట దళసరిగా తగిలేది. మామోగ్రామ్ బాగానే ఉందన్నారు, ఇంట్లోవాళ్ళు ఇంకేం టెన్షన్ లేదనుకున్నారు. కూతురు మాత్రం వదల్లేదు, విశాఖ రైలెక్కించింది, పార్వతీపురం దాటినా బొబ్బిలి దాటినా "డబ్బులు దండగే అమ్మా" అంటూనే ఉందట పిన్ని. అక్కడ అల్ట్రాసౌండ్ చేసి, అనుమానమున్న చోట సూదితో ముక్క తీసి పరీక్షకు పంపితే ఇదే బయటపడింది.

ఈ రకంలో ఎక్కువ భాగం ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌తో పెరిగేవే, కాబట్టి ఆపరేషన్ తర్వాత దాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి మాత్రలు బాగా పనిచేస్తాయి. కానీ 5 నుంచి 10 ఏళ్ళు వాడాలి. ఒంట్లో బాగుంది కదా అని మధ్యలో మానేస్తేనే నాకు భయం, ఎందుకంటే ఈ జబ్బు ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా తిరగబెట్టగలదు, అదీ ఒక్కోసారి ఎముకల్లోనో కడుపులోనో.

అందుకని మన మీటింగుల్లో ఇవి కూడా చెప్పాలి: ఒకచోట దళసరిగా గట్టిపడటం, ఒక రొమ్ము చిన్నదవడం, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం. మామోగ్రామ్ బాగుందన్నా మార్పు పోకపోతే అల్ట్రాసౌండ్ అడగాలి, అవసరమైతే ఎమ్మారై కూడా. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా బజారు వరకే వస్తుంది, డాక్టరు దగ్గర నోరు విప్పరు, పక్కన ఒక మనిషి ఉండాలి. ఉగాది స్టేజీకీ భోజనాలకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, అలా తోడు వెళ్ళేవాళ్ళ రైలు ఛార్జీలకు ఇద్దామని వచ్చే జనరల్ బాడీలో అడగబోతున్నాను.