ఆ సోరియాసిస్ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి

ఈ నెలలో ముగ్గురు పంపారు, అదే మెసేజ్. "సోరియాసిస్ అంటే రక్తంలో చెడు. అంటుకుంటుంది. మెథోట్రెక్సేట్ లివర్‌ని తినేస్తుంది. అన్ని మందులూ ఈ రోజే ఆపేయండి. మొదట ఒళ్లంతా ఎర్రబడుతుంది, అది విషం బయటికి పోవడం, భయపడొద్దు. 40 రోజుల్లో శాశ్వతంగా నయం." పన్నెండేళ్లుగా ఈ చర్మం జబ్బుతో ఉన్నదాన్ని, మెథోట్రెక్సేట్ నేను వేసుకునే మందే. నా మేలు కోరే పంపారని తెలుసు. అయినా ఈసారి ఊరుకోలేను.

రక్తంలో చెడు ఏమీ లేదు. రోగనిరోధక శక్తి దారి తప్పడం వల్ల, నెల రోజులు పట్టాల్సిన చర్మం మార్పిడి నాలుగైదు రోజుల్లోనే జరిగిపోతుంది. పొలుసులు అవే. ఇక అంటుకోవడమా? అంటదు, అంతే.

నా కోపమంతా "ఈ రోజే ఆపేయండి, భయపడొద్దు" అన్న మాట మీద. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లంతా చీము పొక్కులు లేవచ్చు, లేదా నిలువెల్లా ఎర్రబడిపోవచ్చు. అప్పుడు చర్మం ఒంట్లో వేడినీ నీటినీ నిలుపుకోలేదు. ప్రాణం మీదికి వస్తుంది. నా స్నేహితురాలు ఇలాంటి మాటే నమ్మి మాత్రలు ఆపేసింది. నేను వెళ్లేసరికి రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. పక్క నిండా పొలుసులు, చేయి పట్టుకుంటే కాలిపోతోంది. "విషం పోతోందిలే, ఇంకో వారం చూద్దాం" అంటోంది! ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాం. ఆ మెసేజ్ రాసినవాళ్లను వచ్చి ఆ దుప్పట్లు దులపమనండి.

మెథోట్రెక్సేట్‌తో లివర్‌కి ముప్పు ఉన్న మాట నిజమే. దాన్ని ఎవరూ దాచలేదు. 1972లోనే అమెరికాలో సోరియాసిస్‌కి అనుమతి వచ్చిన మందు అది. ముప్పు ఉందని తెలుసు కాబట్టే వారానికి ఒక్క రోజే వేసుకుంటాం, రక్తపరీక్షలు చేయించుకుంటాం, ఆల్కహాల్ జోలికి పోం. నా క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం చుట్టూ ఎర్ర సున్నా ఉంటుంది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలే పోవచ్చు కాబట్టి.

40 రోజుల్లో మచ్చలు పోవచ్చు. ఏ మందూ లేకుండా కూడా కొందరికి పోతాయి. నా మోచేయి రెండేళ్లు నున్నగా ఉంది, తర్వాత సరిగ్గా అదే చోట మళ్లీ లేచింది. తగ్గిన చోట కూడా జబ్బును గుర్తుపెట్టుకున్న రోగనిరోధక కణాలు చర్మంలోనే ఉండిపోతాయి. అందుకే దీన్ని రెమిషన్, అంటే జబ్బు అణిగి ఉండటం అంటారు, నయమైపోయింది అనరు.

కానీ ఆ మెసేజ్‌లో ఒక వాక్యం నన్ను ఆపేసింది. "జీవితాంతం మందులేనా అని అడిగితే డాక్టర్లు జవాబు చెప్పరు." నిజమే. చర్మం బాగున్నప్పుడు మోతాదు మెల్లగా తగ్గించి చూడొచ్చని నాకు ఏళ్ల తరబడి ఎవరూ చెప్పలేదు. మొన్నమొన్న పట్టుబట్టి అడిగితేనే తెలిసింది. ఇప్పుడు నా మోతాదు సగమైంది, రక్తపరీక్షలు మాత్రం ఆపలేదు. పంపిన ముగ్గురికీ ఇదే తిరిగి పంపుతున్నాను.