సెట్‌బ్యాక్ అనే దుబారా

స్థలం గజాల్లో కొని అంగుళాల్లో లెక్క చూసుకునే రోజులివి. ఇలాంటప్పుడు సెట్‌బ్యాక్ పేరుతో ఇంటి చుట్టూ ఖాళీ వదలమనడం మన మీద ప్రభుత్వం చేస్తున్న దౌర్జన్యం. ఎందుకయ్యా అంటే గాలీ వెలుతురూ రావాలట. రమ్మనండి, ఎవరొద్దన్నారు? కానీ గాలి ఏమన్నా రిజిస్ట్రేషన్ చార్జీలు కట్టిందా?

అందుకే బుద్ధిమంతులు ఖాళీని ప్లానులో చూపించి స్లాబులో కలిపేసుకుంటున్నారు. సర్కారు కూడా పెద్ద మనసుతో అర్థం చేసుకుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించే బీపీఎస్ పథకం తెచ్చింది. 2015లో తెలంగాణలో బీఆర్‌ఎస్ తెచ్చారు (పార్టీ కాదు, అలాంటి పథకమే. పార్టీకి ఆ పేరు తర్వాతొచ్చింది). ఫీజు కడితే మింగిన సెట్‌బ్యాక్ సక్రమం. గోడ అంగుళం కూడా జరగక్కర్లేదు.

ఇల్లు కట్టేటప్పుడు మనకు ఆలోచన లేదంటే మాత్రం ఊరుకోను. ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో పొయ్యి, నైరుతిలో యజమాని మంచం. సిద్ధాంతిగారు వద్దన్నారంటే ఉన్న కిటికీని ఇటుకలతో పూడ్చేస్తాం. ఆగ్నేయం వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని ఎటు తోస్తుందని అడిగేంత అల్పులం కాదు. ఫ్లాట్ల మధ్య నిలువునా వదిలిన ఇరుకు సందు, అదే డక్టు, అందులోకి తోస్తుంది. పక్క ఫ్లాటు బాత్రూం వెంటిలేటరు తెరుచుకునేదీ అందులోకే. రెండో అంతస్తులో ఎండుమిర్చి పోపు పడితే నాలుగో అంతస్తు తుమ్ముతుంది. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు సంబంధాలు తెగిపోయాయని వాపోయేవాళ్లు ఒకసారి ఆ డక్టు దగ్గర నిలబడాలి.

ఇక ఈశాన్యం సంపు. దిక్కు కుదిరింది, మూతే కుదరలేదు. ఆ సందులోంచి ఏడిస్ దోమ కాపురానికొచ్చింది. ఇది మురిక్కాలవల్లో తిరిగే రకం కాదు, మర్యాదస్తురాలు. మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పట్టపగలే కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి నిల్వ నీళ్లు పారబోసి డ్రై డే పాటించమని మున్సిపాలిటీ వాళ్లు మొత్తుకునేది అందుకే. డ్రై డే అనగానే మనకు వైన్ షాపులు గుర్తొచ్చి, ముందురోజే జాగ్రత్తపడుతున్నాం. తర్వాత డెంగీ వస్తే, సిద్ధాంతిగార్ని మళ్లీ పిలుస్తాం.

వెనకటివాళ్ల అమాయకత్వం చూస్తే జాలేస్తుంది. క్షయకు మందుల్లేని రోజుల్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి ఎక్కడెక్కడి నుంచో రోగులు వెళ్లేవారు. అక్కడి వైద్యంలో సింహభాగం గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి. ఇప్పుడు మందులున్నాయి, అంత దూరం పోనక్కర్లేదు. అయితే 1882లో రాబర్ట్ కాక్ పట్టిచ్చిన ఆ క్రిమి మాత్రం అలవాట్లు మార్చుకోలేదు. ఎండ తగిలితే త్వరగా చస్తుంది. గాలాడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటుంది. కిటికీ లేని గదిలో నలుగురైదుగురు కుర్రాళ్లు సర్దుకునే అమీర్‌పేట మార్కు హాస్టలుంటే దానికింకేం లోటు?

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట ఉంటూ, ఎముకల నొప్పులకు వారానికో విటమిన్ డి సాషే తాగుతున్నాం, 60 వేల యూనిట్లది. ఒంట్లో ఆ విటమిన్ తయారుచేసే కిరణాలు కిటికీ అద్దం దాటి లోపలికి రావట. ఆ బెంగ మనకక్కర్లేదు. అద్దానికి అవతల ఉన్నది పక్కింటి గోడ.

ఇన్ని చూశాక సర్కారుకు నాదొక విన్నపం. భవనాలను ఎలాగూ క్రమబద్ధీకరిస్తున్నారు కాబట్టి, వాటిలో కాపురమున్న ఊపిరితిత్తులను కూడా క్రమబద్ధీకరించే పథకం ఒకటి తేవాలి. ఫీజు చదరపు అడుగుల్లో కాకుండా పీల్చే గాలి లీటర్లలో వసూలు చేయాలి. బూజు పట్టిన గోడలున్న ఫ్లాట్లలో పిల్లికూతలతో పెరిగే పిల్లలకు రాయితీ ఇవ్వాలి. దరఖాస్తుతో పాటు ఎక్స్‌రే, ఆస్తిపన్ను రసీదు జతచేయాలి. కటాఫ్ తేదీకి ముందు మొదలైన దగ్గులకే పథకం వర్తిస్తుంది.