గొర్రెల రసీదు, జిజియా పన్ను: ఇస్లాం తొలి వందేళ్ళు

వియన్నాలో ఆస్ట్రియా నేషనల్ లైబ్రరీ దగ్గర ఒక పాపిరస్ (రెల్లు కాగితం) ముక్క ఉంది, క్రీ.శ. 643 నాటిది, ముస్లింల హిజ్రీ కేలండర్ లెక్కలో 22. అది ఒక గొర్రెల రసీదు. ఈజిప్టుని కొత్తగా గెలిచిన అరబ్ సైన్యంలో అబ్దుల్లా అనే కమాండరు నైలు లోయలో అహ్నాస్ అనే ఊరి దగ్గర తన మనుషుల తిండికి 65 గొర్రెలు తీసుకుని, ముట్టినట్టు రాసిచ్చాడు. పైన గ్రీకు, కింద అరబిక్. అరబిక్ భాగం బిస్మిల్లాతో, అంటే 'దేవుడి పేరుతో' అనే మాటతో మొదలవుతుంది, గ్రీకు రాసిందేమో యోహాను అనే నోటరీ, ఆయన చర్చిలో డీకన్ కూడా. వెనక వైపు ఇంకో లైను ఉంది, ఈ గొర్రెల్ని పన్నులో జమ కట్టుకోవాలని.

రాజ్యం చేతులు మారి పట్టుమని రెండేళ్ళు, అప్పటికే గెలిచినవాళ్ళు రసీదు ఇస్తున్నారు, చర్చి మనిషి దాన్ని రాస్తున్నాడు, లెక్క పాత పద్ధతిలోనే సాగుతోంది.

ఇస్లాం ఎలా వ్యాపించింది అని అడిగితే మన దగ్గర రెండే జవాబులు వినపడతాయి, కత్తితో అని కొందరు, సమానత్వం చూసి జనమే వచ్చారని ఇంకొందరు. నాకు ఏమనిపిస్తుందంటే ఇద్దరూ రెండు వేరే వేరే సంగతుల్ని కలిపేస్తున్నారు. అరబ్బుల రాజ్యం పెరగడం ఒకటి, జనం ముస్లింలు అవ్వడం ఇంకోటి. మొదటిది యుద్ధాలతోనే జరిగింది, దాన్ని దాచాల్సిన పనేం లేదు, చాలా స్పీడుగా కూడా జరిగింది. రెండోదానికి తరాలు పట్టింది, తొలి వందేళ్ళు పాలకులే దానికి తొందరపడలేదు, ఎందుకు పడలేదు అనేదే అసలు చూడాల్సింది.

మొదలు మాత్రం చాలా చిన్నది. 610లో మక్కా పక్కన హీరా గుహలో మహమ్మద్ ప్రవక్తకి తొలి దైవవాక్యం అందిందని ముస్లింల విశ్వాసం. ఆ తర్వాత పన్నెండేళ్ళ పాటు ఆయన వెంట నిలబడింది కొద్దిమందే, భార్య ఖదీజా, దగ్గరి బంధువులు కొందరు, బిలాల్ లాంటి బానిసలు. కాబా చుట్టూ ఉన్న దేవతల్ని, దాంతోపాటే మక్కాని ఏలే ఖురైష్ తెగలో డబ్బున్న పెద్దల గర్వాన్ని కూడా ప్రశ్నించేసరికి వేధింపులు మొదలయ్యాయి, 615 ప్రాంతంలో కొంతమంది ఎర్ర సముద్రం దాటి అబిసీనియాలో (ఇప్పటి ఇథియోపియా వైపు) క్రైస్తవ రాజు దగ్గర తలదాచుకున్నారు. 622లో యస్రిబ్‌కి వలస, అదే తర్వాత మదీనా అయింది. అక్కడ ఔస్, ఖజ్రజ్ తెగలు ఏళ్ళ తరబడి కొట్టుకుని అలసిపోయి ఉన్నాయి, వాళ్ళకి తగువు తీర్చే మనిషి కావాలి. అక్కడ కుదిరిన ఒప్పందంలో యూదుల్ని కూడా కలుపుకున్నారు, అయితే ఆ స్నేహం ఎక్కువ కాలం నిలవలేదు, తర్వాత యూదు తెగలతో గొడవలు రక్తపాతం దాకా వెళ్ళాయి. ముస్లింలు తమ కేలండర్‌ని ప్రవక్త పుట్టిన ఏడాది నుంచి కాకుండా ఈ వలస ఏడాది నుంచి లెక్కపెట్టుకున్నారు, నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది, రక్తసంబంధం వదిలేసి నమ్మకం మీద ఒక జనం ఏర్పడిన రోజు అది.

630లో మక్కా వశమైంది, 632లో ప్రవక్త కన్నుమూశారు. ఆ తర్వాత జరిగిన దూకుడు అర్థం కావాలంటే పక్కింటి పరిస్థితి చూడాలి. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న బైజాంటైన్ (తూర్పు రోమన్), పర్షియా సామ్రాజ్యాలు 602 నుంచి 628 దాకా ఒకదాన్నొకటి చితక్కొట్టుకున్నాయి, ఖజానాలు ఖాళీ, పైగా 541 నుంచి మళ్ళీ మళ్ళీ వస్తున్న ప్లేగు. ఈజిప్టు, సిరియా క్రైస్తవుల్లో చాలామందికి కాన్‌స్టాంటినోపుల్ చర్చితో 451లో సిద్ధాంతం మీద వచ్చిన చీలిక నుంచే పడదు. 636లో యర్మూక్ దగ్గర బైజాంటైన్ సైన్యం ఓడిపోయింది, 642 కల్లా ఈజిప్టు పోయింది, 651లో పర్షియా చివరి రాజు యజ్దగర్ద్ హత్యతో ఆ వంశమే ముగిసింది.

గెలిచినవాళ్ళు జనంలో కలవలేదు. కూఫా, బస్రా, ఫుస్తాత్ అని విడిగా సైనిక పట్నాలు కట్టుకుని, వసూలైన పన్నుల్లోంచి జీతాలు తీసుకుంటూ బతికారు. డమాస్కస్‌లో ఉమయ్యద్ వంశపు తొలి ఖలీఫా (ముస్లింల పాలకుడు) ముఆవియా దగ్గర పన్నుల లెక్కలు చూసింది సర్జూన్ అనే క్రైస్తవుడు. ఇరాన్ వైపు ముద్రించిన వెండి నాణేల మీద పర్షియా రాజు ఖుస్రో బొమ్మ, వెనక అగ్నిగుండం అలాగే ఉండేవి, అంచు మీద మాత్రం బిస్మిల్లా చేర్చారు. బొమ్మలు తీసేసి అక్షరాలతో నాణేలు కొట్టింది 696-97లో ఖలీఫా అబ్దుల్ మాలిక్. అంటే దాదాపు యాభై అరవై ఏళ్ళు ముస్లిం పాలనలో జనం చేతుల్లో అగ్నిపూజ గుర్తు ఉన్న డబ్బే తిరిగింది!

(ఆ మధ్యలోనే, 680లో కర్బలా. ప్రవక్త మనవడు హుస్సేన్‌ని ఉమయ్యద్ సైన్యం చంపింది. మన పల్లెల్లో పీర్ల గుండం చుట్టూ హిందువులు కూడా తిరుగుతూ తలుచుకునేది ఆయన్నే.)

ఇప్పుడు పన్ను సంగతికి వద్దాం. ముస్లిం కానివాళ్ళు జిజియా అనే తలపన్ను కట్టాలి. ఊళ్ళో వందమంది మతం మారితే ఖజానాకి వందమంది జిజియా పోయినట్టే. అందుకే ఇరాక్ గవర్నర్ హజ్జాజ్, మతం మారి పొలాలు వదిలేసి పట్నాలకి వచ్చిన రైతుల్ని వెనక్కి ఊళ్ళకి తోలించాడు, పన్నులూ కట్టించుకున్నాడు. మారినవాళ్ళని మవాలీ అనేవాళ్ళు, ఏదో ఒక అరబ్ తెగకి అనుబంధంగా ఉండాలి, యుద్ధంలో పక్కనే నిలబడినా సమానమైన జీతం దక్కేది కాదు. మనుషులంతా ఒకటే అని ఖురాన్ చదివి నమ్మి వచ్చినవాడికి ఇది ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించుకోండి. ఇస్లాం మాటకీ రాజ్యం లెక్కకీ మధ్య గొడవ ఇక్కడే మొదలైంది.

717లో వచ్చిన ఖలీఫా రెండో ఉమర్ ఈ అన్యాయాన్ని గట్టిగా పట్టించుకున్నాడు, ముస్లిం అయినవాడి దగ్గర జిజియా తీసుకోవద్దన్నాడు. ఇరాన్ తూర్పున ఉన్న ఖొరాసాన్ గవర్నరేమో వీళ్ళు పన్ను ఎగ్గొట్టడానికే మారుతున్నారు, సున్తీ అయ్యిందో లేదో పరీక్ష పెడదామన్నాడు. దేవుడు మహమ్మద్‌ని పిలవడానికి పంపాడు గానీ సున్తీ చెయ్యడానికి కాదు అని ఉమర్ జవాబిచ్చాడని అరబ్ చరిత్రల్లో ఉంది. ఆయన మూడేళ్ళకే పోయాడు. 728లో సమర్‌ఖండ్ వైపు అదే కథ మళ్ళీ నడిచింది, మారితే జిజియా ఉండదని మాటిచ్చారు, జనం గుంపులుగా వచ్చేసరికి వసూళ్ళు పడిపోయాయి, మాట తప్పి మళ్ళీ పన్ను వేశారు, జనం తిరగబడ్డారు.

ఇరాన్‌లో ముస్లింలు మెజారిటీ అవ్వడానికి రెండు మూడు వందల ఏళ్ళు పట్టిందని చాలామంది చరిత్రకారుల అంచనా, ఈజిప్టులో ఇంకా ఎక్కువే, కోప్టిక్ క్రైస్తవులు ఇప్పటికీ అక్కడ లక్షల్లో ఉన్నారు. ఉమయ్యద్ రాజ్యం మాత్రం అంత కాలం ఆగలేదు. 747లో ఖొరాసాన్‌లోనే, మెర్వ్ పట్నం దగ్గర ఉమయ్యద్‌ల మీద తిరుగుబాటుగా అబ్బాసిద్ వంశం వాళ్ళ నల్ల జెండాలు లేచాయి, వాటి కింద అరబ్బులతో పాటు ఆ మవాలీలు కూడా చేరారు, 750 కల్లా డమాస్కస్ వాళ్ళ చేతికొచ్చింది.