మూసే గుర్తును మసకబార్చింది ఎవరు?

మొన్న మా అమ్మ కరెంటు బిల్లు కడదామని ఒక యాప్ తెరిచి, ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇది ఎలా పోతుందిరా?" స్క్రీన్ నిండా లోన్ ప్రకటన. మూసే ఇంటూ గుర్తు పై మూలన ఉంది. తెల్లమబ్బుల ఫొటో మీద తెల్లటి గుర్తు, అదీ సగం పారదర్శకంగా. నాకే వెతుక్కోవాల్సి వచ్చింది. కింద 'ఇప్పుడే అప్లై చేయండి' మాత్రం నారింజ రంగులో మెరిసిపోతోంది.

ఇది పొరపాటున జరిగేది కాదు. బొమ్మ ఎంత కనబడాలో 'ఆల్ఫా' అనే అంకె చెబుతుంది. 1 అయితే నిండుగా, 0 అయితే మాయం. ఆండ్రాయిడ్‌లో ఆల్ఫా 0 పెట్టినా బటన్ అక్కడే ఉంటుంది, వేలు తగిలితే పనిచేస్తుంది. ఆ అంకెను ఎవరో ఒకరు కూర్చుని టైప్ చేస్తారు.

పారదర్శకత అందం తెస్తుందని, వెనకున్న ఫొటోను మింగేయదని డిజైనర్లు అంటారు. నిజమే, పనిచేయని బటన్‌ను మసకగా చూపడం మంచి పద్ధతి కూడా. కానీ యాపిల్ అంతటి సంస్థే 2025లో తెర మీది బటన్లు, మెనూలు గాజులా పారదర్శకంగా కనిపించే 'లిక్విడ్ గ్లాస్' డిజైన్ తెచ్చి, అక్షరాలు చదవలేకపోతున్నామని జనం మొత్తుకున్నాక, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26.1లో ఆ గాజును చిక్కగా చేసుకునే 'టింటెడ్' ఆప్షన్ ఇచ్చింది.

చదవగలగడానికి లెక్క కూడా ఉంది. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికి, దాని వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి. ఫొటో పూర్తిగా తెల్లగా ఉన్నా, దాని మీద 50 శాతం నల్లపొర వేస్తే తెల్ల అక్షరానికి 4:1కి కాస్త తక్కువే వస్తుంది. 60 శాతం వేస్తే 5.7 దాటుతుంది. ఆ పది శాతం వేయడానికి పైసా ఖర్చు లేదు!

ఇక తెలుగు సంగతి. నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే. ద కింద చిన్న గీత పెడితే ధ. తలకట్టు అతుక్కుంటే వ, విడిపడితే ప. ఒత్తులన్నీ అక్షరం కిందో పక్కనో చిన్నగా ఇరుక్కుని ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరం మసకబారినా పోల్చుకోవచ్చు, మన అక్షరం మసకబారితే వేరే అక్షరమైపోతుంది. అయినా స్క్రీన్లన్నీ ఇంగ్లిష్‌లో గీసి, చివర్లో అదే సైజులో, అదే ఆల్ఫాతో తెలుగును అతికిస్తున్నారు. అమ్మ తెలుగు పెట్టుకుని, చదవలేక, మళ్లీ ఇంగ్లిష్‌కి మార్చమంటే తెలుగుకి డిమాండ్ లేదని తేల్చేస్తున్నారు.

అవసరమైన సమాచారాన్ని మరుగునపెట్టి వినియోగదారుణ్ని దారి తప్పించే డిజైన్‌ను 2023 నాటి కేంద్ర మార్గదర్శకాలు డార్క్ ప్యాటర్న్‌గానే, అంటే మోసపు డిజైన్‌గానే చూస్తాయి. నా దృష్టిలో మసక ఇంటూ గుర్తు కూడా అందులోకే వస్తుంది. తెలుగులో యాప్ ఇస్తున్నామని చెప్పుకునే ప్రతి సంస్థా విడుదలకు ముందు ఆ తెలుగు స్క్రీన్‌ను మిట్టమధ్యాహ్నం ఎండలో, అరవై దాటిన మనిషి చేతికిచ్చి చదివించాలి.