నీళ్ళు తేటగా ఉన్నాయిగా, ఇంకేం కావాలి?

ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది దగ్గర కొన్ని మురుగు కాలువల మీద 1987 నుంచి ఒక నింద ఉంది. న్యూ సౌత్ వేల్స్ ఉత్తర కొసన, ఆ నది సముద్రంలో కలవబోయే చోట, 23 కిలోమీటర్ల పొడవునా చేప, రొయ్య, పీత, ఆఖరికి బురదలో పురుగుతో సహా అన్నీ చచ్చిపోయాయి. చెరకు పొలాల నీరు తీసేందుకు తవ్విన కాలువల పనే ఇదని శాస్త్రవేత్తలు తేల్చేశారు. కాలువల తరఫున మాట్లాడే నాథుడు ఒక్కడూ కనపడలేదు కాబట్టి ఆ వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను.

ముందు నీళ్ళ సంగతి చూడండి. నదీముఖం దగ్గర నీరంటే మామూలుగా చెయ్యి పెడితే చెయ్యి కనపడని బురద. ఈ కాలువల నీళ్ళు వచ్చి కలిశాక అదంతా అడుగు కనిపించేంత తేటగా, నీలమూ పచ్చా కలిసిన రంగులో, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకునేలా తయారవుతుంది. కాలువ నీళ్ళలోని ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి మోసుకొస్తే, అది నీళ్ళలోని ఒండ్రును గడ్డకట్టించి కిందికి దించేస్తుంది. మన ఇళ్ళల్లో బిందెలో పటిక తిప్పేది ఇందుకే కదా! పైసా టెండర్ లేకుండా నది మొత్తానికి పటిక పెట్టిన వాళ్ళను సన్మానించాల్సింది పోయి విచారణలా? ఆ అల్యూమినియమే మొప్పల మీద పేరుకుని చేపకు ఊపిరాడకుండా చేస్తుందంటారు. అది చేప వ్యక్తిగత ఆరోగ్య సమస్య.

ఇక ఆమ్లం. అది కాలువ ఎక్కడి నుంచో తెచ్చింది కాదు. గత పదివేల ఏళ్ళలో సముద్రం పైకొచ్చినప్పుడు మడ అడవుల బురదలో ఉప్పునీటి సల్ఫేటూ మట్టిలోని ఇనుమూ బాక్టీరియా పుణ్యాన కలిసి పైరైట్ అనే ఖనిజం అయ్యాయి. నీళ్ళ కింద ఉన్నంతకాలం అది ఎవరి జోలికీ రాదు. గాలి తగిలితే మాత్రం సల్ఫ్యూరిక్ ఆసిడ్ అవుతుంది, బ్యాటరీలో పోసేదే, టన్ను పైరైట్‌కి టన్నున్నర పైమాటే. కాలువ చేసిందల్లా లోతుగా దిగి, నేలలో నీటిమట్టం తగ్గించి, పాపం ఆ మట్టికి కాస్త గాలి ఆడనివ్వడం. కేసు పెట్టాలంటే గాలి మీద పెట్టుకోండి. (కేరళ కుట్టనాడులో కరి నేలల రైతులకు ఈ పులుపు ఎప్పటి నుంచో తెలుసు, సున్నం చల్లుకుని వరి పండించుకుంటున్నారు, ఏ చేపనీ సంప్రదించకుండానే.)

పొడి నెలలన్నీ ఇలా తయారైన సరుకు మొదటి పెద్ద వానకి ఒక్కసారిగా నదిలోకి దిగుతుంది. సముద్రపు నీటికి ఆమ్లాన్ని కొంత విరిచే గుణం ఉంది గానీ, అది పొలాల్లోకి ఎగదన్నకూడదని కాలువ చివర ఒకవైపే తెరుచుకునే తూము తలుపులు పెట్టాం. లోపలిది బయటికి పోవచ్చు, బయటిది లోపలికి రాకూడదు. ఇంత పకడ్బందీ ఏర్పాటు చాలా ఆఫీసుల్లో కూడా ఉండదు. నీటి పీహెచ్ (ఎంత తగ్గితే అంత ఆమ్లం) 4 కన్నా కిందికి పడితే చేపలు పక్కకి తప్పుకోవచ్చు కదా అంటారా, ఈదగలిగినవి తప్పుకుంటాయి కూడా. ఆల్చిప్పలకు ఆ తెలివి లేదు, ఉన్నచోటే అతుక్కుని కూర్చుంటాయి. తప్పుకోలేక బతికిన చేపలకు ఆమ్లంతో ఒరుసుకుపోయిన చర్మం గుండా బూజు లాంటి క్రిమి దూరి ఎర్రటి పుండ్లు పడతాయి. అలాంటి చేపను మార్కెట్లో ఎవరూ కొనరు, దానికీ మళ్ళీ కాలువనే తిడతారు.

ప్రభుత్వం కూడా తొందరపడలేదు. 1987లో నది ఖాళీ అయితే ఈ నేలల మీద రాష్ట్ర స్థాయి సలహా కమిటీ 1994లో వచ్చింది. నాకు బాధ కలిగించింది ట్వీడ్ చెరకు రైతులే. లేజర్ లెవెలింగ్‌తో పొలాలు చదును చేసుకుని, లోతు కాలువలు పూడ్చి తక్కువ లోతువి పెట్టుకుని, సొంతవాళ్ళే మోసం చేశారు.

అంతకన్నా ఘోరం క్వీన్స్‌లాండ్‌లో, కెయిర్న్స్ ఊరికి ఎదురుగా ఈస్ట్ ట్రినిటీలో జరిగింది. 1970లలో చెరకు కోసం అక్కడి మడ భూమి చుట్టూ సుమారు ఏడు కిలోమీటర్ల గట్టు కట్టి సముద్రాన్ని బయటికి నెట్టారు. చెరకు పెద్దగా పండలేదు, ఆసిడ్ మాత్రం బాగా పండింది. 2000లో ప్రభుత్వమే ఆ భూమి కొని, గట్టుకున్న తూము తలుపులు తెరిచి, వచ్చే పోటు నీటిలో సున్నం కలిపి లోపలికి వదిలింది. మడ చెట్లు మళ్ళీ మొలిచాయి, చేపలు తిరిగొచ్చాయి. మన గోదావరి జిల్లాల్లో పండుగప్ప అని లొట్టలేసుకుని తినే చేపనే అక్కడ బారమండి అంటారు, దాని పిల్లలు పెరిగేది ఇలాంటి మడ కయ్యల్లోనే.

కాంట్రాక్టరు వైపు నుంచి ఆలోచిస్తే ఇందులో తప్పు పట్టేదేం లేదు. గట్టు కట్టడానికో బిల్లు, భూమి కొనడానికో బిల్లు, సున్నానికి ఏళ్ళ తరబడి ఇంకో బిల్లు. ఇకమీదట మడ భూమి ఎండబెట్టే ఎస్టిమేట్ వేసేవాళ్ళకు నా మనవి ఒక్కటే, తలుపులు తిరిగి తెరిచే ఖర్చు కూడా మొదటి పేజీలోనే వేసేయండి, మధ్యలో రివైజ్డ్ ఎస్టిమేట్ అంటే ఆడిట్ వాళ్ళు గొడవ చేస్తారు.